మూత బిగుసుకున్న మరచెంబు

నానబెట్టిన చింతపండు ఇత్తడికి తగలగానే ఒక వాసన పుడుతుంది. పూర్తిగా పులుపూ కాదు, పూర్తిగా లోహమూ కాదు. రెండూ కాసేపు పోట్లాడుకుని చివరికి ఒకే గదిలో కాపురం పెట్టినట్టుంటుంది. మొన్న ఆదివారం సీతమ్మధారలో మా అబ్బాయి ఫ్లాట్‌లో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కునికిపాట్లు పడుతున్న నన్ను ఆ వాసన వచ్చి లేపింది. వంటింట్లోకి వెళ్లి చూద్దును కదా, తిన్న కంచం సింకులో వెయ్యడానికే బద్ధకించే మా మనవరాలు శ్రావ్య, మోచేతుల దాకా తడుపుకుని ఒక పాత ఇత్తడి దీపపు కుందిని తోముతోంది.

"ఎవరిదే అది?" అన్నాను.

"మా ఫ్రెండుకి బర్త్‌డే గిఫ్ట్ తాతా. పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల కొట్లో దొరికింది. కొత్తవి కొంటే భూమికి బరువు కదా, అందుకని ఫ్రెండ్సందరం ఈ ఏడాది ప్రీ-లవ్‌డే ఇచ్చుకుందామనుకున్నాం."

"అంటే?"

"అంటే ఇదివరకు ఎవరో ప్రేమించిన వస్తువు."

"మా రోజుల్లో సెకండ్‌హేండు అనేవాళ్లం."

"అలా అనకు తాతా, తీసుకునేవాళ్లు ఫీలవుతారు."

తీసుకునేవాళ్లు ఫీలవడం గురించి ఆ పిల్ల నాకు చెబుతోంది. డెబ్బై దాటిన నాలుక ఊరుకుంటుందా. "ఈ విశాఖపట్నంలో పాత వస్తువు బహుమతివ్వడమనే విద్య మొదలుపెట్టిందే నేనమ్మా" అన్నాను. "ఎనిమిదేళ్ల వయసులో ఒక పాత మరచెంబు ఇప్పించి, ఒక్క మాటతో మా అయ్య ఉద్యోగం నిలబెట్టాను. హార్బరంతా గడగడలాడే మేస్త్రి నా ముందు తల దించుకున్నాడు." శ్రావ్య కుళాయి కట్టేసి నా వైపు తిరిగింది. వినేవాళ్లు కుళాయి కట్టేసి మరీ వింటుంటే ఏ ముసలాడు నిజం దగ్గర ఆగుతాడు? మేస్త్రి నన్ను భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పాడని కూడా కలిపేశాను. "ఇది రాయి తాతా, మా వాళ్లందరికీ చదివి వినిపిస్తాను" అందా పిల్ల. చిక్కు అక్కడ వచ్చింది. నోటితో చెప్పిన కోతలు గాలికి పోతాయి గానీ, కాగితం మీద రాసిన కోత మర్నాడు పొద్దున్న కూడా అక్కడే కూర్చుని మనకేసి చూస్తుంది.

కాబట్టి ముందుగా ఒప్పుకుంటున్నాను. ఆ విద్య నేను మొదలుపెట్టలేదు. మా వీధి మొదలుపెట్టింది. మా వీధి అయినా సరదాపడి మొదలుపెట్టలేదు.

హార్బరు గోడకీ వెనకాల కొండకీ మధ్య, ఎవరో నడుస్తూ నడుస్తూ జారవిడిచినట్టుండే పెంకుటిళ్ల వరస మాది. మగవాళ్లందరూ ఓడల్లోంచి బస్తాలు దింపే కళాసీలు. మా ఊరి పక్క పొలాలు నీళ్లు చూడక పాడుపడితే, గోచీ బిగించి పట్నం చేరిన రైతుల బిడ్డలే అందరూను. ఓడ కూత వేస్తే మా ఇళ్ల పెంకుల కింద పిచ్చుకలు లేచేవి. ఎండాకాలం వచ్చిందంటే కొండ దిగువ ఊళ్ల ఆడవాళ్లు గంపల్లో జీడిపళ్లు తెచ్చేవారు. ఆ రసం కారి చొక్కా మీద పడితే ఆ మరక చొక్కా చిరిగినా పోయేది కాదు, తిన్న గొంతు సాయంత్రం దాకా దురదపెట్టేది, అయినా మర్నాడు మళ్లీ గంప చుట్టూ మేమే. ఆ తరవాత తాటిముంజలు. బొటనవేలు గుచ్చి నీళ్లు పీల్చేసి, మిగిలిన కాయల్ని కర్రకి గుచ్చి బండి చేసి తోలేవాళ్లం. వానల్లో సముద్రపు గాలికి కట్టెలు చెమ్మగిల్లి వీధంతా పొగ, ఆ పొగలో ఎండుచేప కాల్చిన వాసన. కార్తీకంలో నాగులచవితికి రోట్లో నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి. రోకలి చివర అంటుకున్నది నాకడానికి అప్పకీ నాకూ యుద్ధం. అప్ప అంటే మా అక్క, సింహాచలం. నాకన్నా అయిదేళ్లు పెద్దది. రోకలి చివరి చిమ్మిలి ఎప్పుడూ నాకే వదిలేసేది, కానీ యుద్ధం మాత్రం మానేది కాదు.

ఆ వీధిలో కొత్త వస్తువు అనేది పండక్కి వచ్చే చుట్టంలాంటిది, ఎప్పుడో గానీ గుమ్మం తొక్కేది కాదు. నా చొక్కాలు నాకన్నా ముందు ఇద్దరు ముగ్గుర్ని పెంచి పెద్దచేసి వచ్చినవే. నా పుస్తకాల్లో దేశనాయకులకి నాకన్నా ముందు చదివినవాళ్లే మీసాలూ కొమ్ములూ పెట్టేసి ఉండేవారు, నాకంటూ అల్లరి చెయ్యడానికి ఒక్క బొమ్మ మిగిలేది కాదు. కిరసనాయిలు డబ్బా నీళ్ల డబ్బా అయ్యేది, తుప్పు పడితే తులసికోట అయ్యేది, అదీ చిల్లులు పడితే రేకు సాగదీసి కోళ్లగూటికి తలుపు అయ్యేది. ఓడల వాళ్లు పారేసిన తాడుముక్కలతో మా ఉయ్యాలలు, గోనెసంచులతో మా పరుపులు. ఇప్పుడు శ్రావ్య వాళ్లు భూమికి బరువు తగ్గిస్తున్నామంటున్నారు. నిజమే, తగ్గించాలి. మేం మాత్రం అప్పట్లో భూమి గురించి ఆలోచించలేదు, భూమి కూడా మా గురించి ఆలోచించినట్టు లేదు.

ఇక పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఇచ్చే గిన్నెలూ చెంబులూ అయితే, ఎవరింట్లోనూ స్థిరంగా ఉండేవి కావు. ఒక ఇంట్లో బారసాలకి వచ్చిన పళ్లెం ఇంకో ఇంట్లో చెవులు కుట్టే వేడుకకి వెళ్లేది. అయితే ఇచ్చే గిన్నె మీద ఇచ్చినవాళ్ల పేరు ఉండాలి కదా, లేకపోతే ఇచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది? అందుకని పూర్ణా మార్కెట్ సందులో పేర్లు కొట్టే ఆయన దగ్గరికి వెళ్లేవారు. చిన్న ఉలీ చిన్న సుత్తీ పట్టుకుని, టిక్కుటిక్కుమని చుక్కలు చుక్కలుగా అక్షరాలు పొదిగేవాడు. పాత పేరు ఉంటే దాన్ని చెరిపేవాడు కాదు, చెరిపితే గిన్నె పల్చబడుతుంది. ఆ అక్షరాల చుట్టూ ఇంకొన్ని చుక్కలు కొట్టి, కొమ్ముకి ఆకు తగిలించి, సున్నాకి రేకలు పెట్టి, పేరంతటినీ ఒక పూలతీగగా మార్చేసేవాడు. తీగ కింద కొత్త పేరు. అలా చేతులు మారిన కొద్దీ గిన్నెకి తీగలు పెరిగేవి. పూలతోటలాంటి గిన్నె ఎవరైనా ఇస్తే ఆడవాళ్లు దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఎంత అందంగా ఉందో" అనేవారు. అది ఎన్ని ఇళ్లు తిరిగొచ్చిందో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. అనకపోవడమే మా వీధి మర్యాద.

మూతలున్న వాటికి మాత్రం ఇంకో ఏర్పాటుండేది. విందుల్లో ఒకరి మూత ఇంకొకరి గిన్నెకి వెళ్లిపోతుందని, మూత లోపలి వైపు కూడా పేరు కొట్టించేవారు. ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథ దానంతటదే నడుస్తుంది.

అప్ప పెద్దమనిషి అయినప్పుడు ఎదురింటి గౌరమ్మ పిన్ని ఒక ఇత్తడి మరచెంబు తెచ్చి చేతిలో పెట్టింది. మరలు తిప్పి మూత బిగించే చెంబు, పైన పట్టుకోవడానికి కడియం. ఒంటి మీద గౌరమ్మ పేరు, పేరు పైన వరసగా తీగలు. మూత మాత్రం రాలేదు. లోపల చిలుము పట్టి బిగుసుకుపోయింది. గౌరమ్మ పిన్నికీ అలాగే వచ్చిందట. కొబ్బరినూనె పోశారు, వేడినీళ్లలో పెట్టారు, గుమ్మానికి తట్టారు, రాలేదు. "పోనీ, పెల్లయ్యాక దాని మొగుడే తీత్తాడు" అంది గౌరమ్మ, అందరూ నవ్వారు. అప్ప ఆ చెంబుని గూట్లో పెట్టుకుంది. మా ఇంట్లో అదొక్కటే అప్పది. వారం వారం చింతపండు పెట్టి తోమేది, ఇంకెవరినీ తాకనిచ్చేది కాదు. అప్పుడప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏదో ఉందని నాకు కథలు చెప్పేది. నాకు కోతలు కొయ్యడం ఎవరు నేర్పారని మీరు అడిగితే అదీ జవాబు.

ఆ మరుసటి ఏడు అయ్య నడుం పోయింది. ఓడలోంచి దిగే పలక మీద బస్తాతో కాలు జారి పడ్డాడు. కట్టు కట్టించారు, పసర్లు రాశారు, చాపమీద పడుకోబెట్టారు. లేచి నడిచేసరికి అతని చోట ఇంకొకడు చేరిపోయాడు. పని ఎలా దొరికేదంటే, పొద్దున్నే గేటు దగ్గర అందరూ నిలబడేవారు. పెంటయ్య మేస్త్రి వచ్చి పేర్లు పిలిచేవాడు. పిలిచినవాడికి ఆ రోజు కూడు, పిలవనివాడికి గోడ. అయ్య వెళ్లి నిలబడేవాడు. మేస్త్రి చూపు అయ్య మీద పడి, ఖాళీ జాగా మీంచి వెళ్లినట్టు వెళ్లిపోయేది. నడుం విరిగినవాణ్ని తీసుకుంటే మిగతావాళ్ల మీద బరువు పడుతుందని ఆయన లెక్క. తప్పు పట్టడానికి లేదు. మా ఆకలికి మాత్రం ఆ లెక్క అర్థమయ్యేది కాదు.

కొన్నాళ్లకి అయ్య గేటు దగ్గరికి వెళ్లడం మానేసి, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున్న తోటి కళాసీలు పిలుచుకుంటూ వెళ్లే చప్పుడు వినపడితే దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. అమ్మ గంజిలో నీళ్లు పోసేది, ఆ నీళ్లలో ఇంకొన్ని నీళ్లు పోసేది. గోడవారగా మొలిచే తోటకూర మొలిచినట్టే అయిపోయేది. నేను ఎవరింటి ముందు తాలింపు వాసన వస్తే వాళ్లింటి ముందు గోళీలాడేవాణ్ని. వాళ్లు పిలిస్తే వెళ్లకూడదని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. అందుకని పిలవకముందే లోపలికి వెళ్లిపోయేవాణ్ని.

అప్పుడు వచ్చాడు సన్యాసి మావ, అయ్యతో కలిసి బస్తాలు మోసినవాడు.

"బావా, ఇంటన్నావా? మేస్త్రి డాబా కట్టినాడు. గురువారం గురప్రవేశం. ఊరందర్నీ పిలిసినాడు, నిన్నూ పిలిసినాడు."

అయ్య గోడవైపే ఉండి, "పనికి పిలవనోడు బువ్వకి పిలిసినాడేటి?" అన్నాడు.

"అదే సెప్తన్నాను. బువ్వకి పిలిసినోడు రేపు పనికీ పిలుత్తాడు. మంచి అదును, ఒగ్గీకు. ఒట్టి సేతుల్తో మాత్రం రాకు బావా. ఆయన ఏటీ అనడు గానీ నరసమ్మ సూత్తాది. ఆ ఇంట్లో ఆవిడ సూపే సూపు."

నరసమ్మ అంటే మేస్త్రి పెళ్లాం. సన్యాసి మావ వెళ్లాక అమ్మ ఇల్లంతా చూసింది. చూడ్డానికి ఎంతో సేపు పట్టలేదు. చూపు గూటి దగ్గరికి వచ్చి ఆగింది.

"అది నాది కదేటమ్మా" అంది అప్ప.

"నీ అయ్య ఉజ్జోగం కన్నా నీ సెంబు గొప్పదేటే?"

అప్ప లేచి తనే దించి అమ్మ ముందు పెట్టింది. గౌరమ్మ పిన్ని కూడా ఆ వేడుకకి వస్తుంది కాబట్టి ఆవిడ పేరు ఉండకూడదు. పేర్లు కొట్టే ఆయన దగ్గరికి వెళ్లే తాహతు లేదు. అమ్మ పెరట్లో కూర్చుని ఇటికపొడీ ఇసకా వేసి ఆ పేరుని రుద్దింది. పొద్దున్న మొదలుపెడితే మధ్యాన్నానికి 'గౌ' పోయింది, తక్కినవి నీడలాగ ఉండిపోయాయి. వేళ్లు చిట్లి ఇటికపొడి ఏదో రక్తమేదో తెలియకుండా అయ్యింది. అయ్య దుప్పటి తీసి లేచొచ్చి, "మూతైనా తీసి లోపల కడగండి, మురికి సెంబు ఇత్తామేటి?" అని దాన్ని తీసుకుని తిప్పడం మొదలుపెట్టాడు. మెడనరాలు తేలాయి. చెంబుని పొట్టకి ఆనించుకుని, మోకాళ్ల మధ్య నొక్కి, పళ్లు బిగించి తిప్పాడు. బస్తా కింద బస్తా ఎత్తిన మనిషి. మూత కదల్లేదు. మెల్లిగా దాన్ని నేలమీద పెట్టి, పళ్లు బిగించే ఉండి, ఏడ్చాడు. మగవాడు చప్పుడు లేకుండా ఏడిస్తే భుజాలు ఎలా కదులుతాయో నేను చూడడం అదే మొదలు. నవ్వుతున్నాడనుకుని నేనూ నవ్వాను. అప్ప నా నోరు మూసేసింది.

గురువారం మేస్త్రి డాబా ముందు తాటాకు పందిరి. కొత్త సున్నం వాసన, మామిడాకుల వాసన, వాటిని తోసుకుంటూ గుమ్మడికాయ దప్పళం, పులిహోర, నేతిలో వేగుతున్న బూరెలు. నా పొట్టలో ఏదో జంతువు లేచి నిలబడింది. లోపల పాలు పొంగించారు. వచ్చినవాళ్లంతా తెచ్చినవి చాప మీద వరసగా పెట్టారు. అమ్మ మా చెంబుని కడియం పట్టుకుని, పేరు నీడ గోడవైపు ఉండేలా పెట్టింది. అయ్య నడుం నిటారుగా పెట్టుకుని నిలబడ్డాడు, నొప్పి లేదని మేస్త్రికి కనబడాలని.

నరసమ్మ తల్లి ఊరి నించి వచ్చింది. కళ్లు సరిగా కనబడని ముసలావిడ. చాప పక్కన కూర్చుని ఒక్కొక్క గిన్నె తడుముతూ మరచెంబు దగ్గర ఆగింది. "ఇలాంటిదే నానూ మా గుంటకి సారెలో ఎట్టినాను" అంది. "అల్లుడా, మూత తియ్యి బాబూ, పొంగిన పాలు దీంట్లో పొయ్యండి, మరచెంబు మంచిది." మేస్త్రి నవ్వి, చెంబు అందుకుని, అరచెయ్యి వేసి ఒక్క మలుపు తిప్పాడు. కీచుమని మూత వచ్చేసింది. అందరూ మెచ్చుకోలుగా చూశారు. అయ్య మాత్రం తల దించుకున్నాడు.

ముసలావిడ మూత అందుకుంది. కళ్లు చాలవు కాబట్టి లోపలి వైపు వేలితో తడిమింది. చదవడం రాని మనిషి, కూతురి సారె చెంబు గుర్తుండాలని అప్పట్లో పేరు పక్కన ఒక చిలకబొమ్మ కొట్టించిందట. వేలు ఆ చిలక ముక్కు మీద ఆగింది. మళ్లీ తోక దాకా వెళ్లింది. మళ్లీ ముక్కు దగ్గరికొచ్చింది.

"నరసా" అంది, "ఇది నానిచ్చిన సెంబు కదేటే? ఎవులికిచ్చేసినావు?"

తల్లి పెట్టిన సారె చెంబుని నరసమ్మ ఎప్పుడో ఎవరి పెళ్లికో చదివించేసింది. వాళ్లు ఇంకొకరికి, వాళ్లు గౌరమ్మకి, గౌరమ్మ మాకు. ఒంటి మీద పేర్లు మారాయి గానీ, మూత ఎవరికీ రాలేదు కాబట్టి లోపలి చిలక అలాగే ఉంది. ఆ పందిరి కింద ఉన్నవాళ్లలో పాత గిన్నె చదివించని ఇల్లు ఒక్కటి లేదు. అందరి కళ్లూ నేలమీదే. మా వీధిలో ఇంకో నమ్మకం కూడా ఉండేది: ఇచ్చిన వస్తువు ఇచ్చినవాళ్లకే తిప్పి ఇస్తే, మీతో మాకు రాకపోకలు వద్దని చెప్పినట్టు. మేం వచ్చింది రాకపోకలు అడుక్కోవడానికి.

ఇక్కడే, శ్రావ్యకి చెప్పిన కథలో, నేను ముందుకి దూకుతాను. నడుం మీద చేతులు పెట్టుకుని, "అత్తా, మీ ఇంటి చెంబు మీ ఇంటికే చేరాలని ఊరంతా వెతికి తెచ్చాం" అంటాను. ముసలావిడ నన్ను దగ్గరికి లాక్కుంటుంది, నరసమ్మ కళ్లొత్తుకుంటుంది, మేస్త్రి తల దించుకుని, "అప్పన్నా, రేపు పనికి రా" అని మా అయ్యతో అంటాడు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. స్టీలు ప్లాంటులో క్రేను నడిపిన రోజుల్లో క్యాంటీన్లో చెప్పాను, పిల్లనిచ్చిన మావగారికి చెప్పాను, దువ్వాడ స్టేషన్లో రైలు కోసం కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్లకి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ మాటకి పదును పెరిగింది.

నేను ఏమీ అనలేదు. ఆ మాట పెద్దయ్యాక ఎప్పుడో స్నానం చేస్తుంటే తట్టింది. ఆ రోజు నేను అప్ప ఓణీ వెనకాల ఉన్నాను. జరిగింది ఇంతే. నరసమ్మ చెంబు తీసుకుని లోపల పెట్టి, బయటికి వచ్చి, అమ్మ ముఖంలోకి చూడకుండా, "బోజనం సేసి ఎల్లండి" అంది. ఆ మాట ఎంత మర్యాదగా ఉందో, అంత చల్లగా ఉంది. మేస్త్రి కండువా దులుపుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. అయ్య విస్తరి ముందు కూర్చున్నాడు, వడ్డించేదాకా కూర్చున్నాడు, వడ్డించాక లేచాడు. అన్నం ముందు నించి లేవకూడదని మాకు నేర్పినవాడు అతనే. అతని వెనక అమ్మ, అప్ప. నేను లేస్తూ లేస్తూ ఒక బూరెని నిక్కరు జేబులో వేసుకున్నాను. దారంతా ఆ వేడి తొడకి చురుక్కుమంటుంటే, ఏడుపు వస్తున్నది దానికేనని అనుకున్నాను. ఇంటికెళ్లాక దాన్ని నాలుగు ముక్కలు చేద్దామని తీస్తే అమ్మ చూసి, కొట్టలేదు. కొట్టి ఉంటే బావుండేది.

గౌరమ్మ పిన్ని ఆ సాయంత్రం వచ్చింది. తన పేరు రుద్దిన సంగతి ఆవిడ చూడనే చూసింది. "నా పేరు తుడిసీడానికి అంత కట్టపడ్డావేటే, నన్నడిగితే నానే తుడుద్దును కదా" అని, అమ్మ వేళ్లకి పసుపు రాసి వెళ్లిపోయింది.

మేస్త్రి మాత్రం చెడ్డవాడు కాదు. కొన్నాళ్లు గడిచాక అతని మనసు కరిగింది. అయ్య మళ్లీ పొద్దున్నే తుండుగుడ్డ భుజాన వేసుకుని గేటుకి వెళ్లడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఒళ్లంతా ఇనప ఖనిజపు ఎర్రధూళితో వచ్చేవాడు. గంజి మళ్లీ అన్నమయ్యింది. నాకు పలకా బలపం వచ్చాయి, నేను చదువుకున్నాను, క్రేనెక్కాను, ఇదిగో ఇలా ఫ్లాట్‌లో కూర్చుని రాస్తున్నాను.

ఆ వీధి ఇప్పుడు లేదు. బస్తాలు మోసే మనుషులకి బదులు పెట్టెలెత్తే యంత్రాలొచ్చాయి. పూర్ణా మార్కెట్ సందులో పేర్లు కొట్టే ఆయన కూర్చున్న చోట సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. పేరుని పూలతీగ చెయ్యగల చెయ్యి ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. మంచిదే జరిగిందనుకునేది ఒక్కటి: మాకు సిగ్గైన పని ఈ పిల్లలకి గొప్ప అయింది. శ్రావ్య తెచ్చిన కుంది అడుగున కూడా ఎవరిదో పేరుంది, సగం అరిగి. దాన్ని రుద్దెయ్యనా అని అడిగింది. వద్దన్నాను. పాతది ఇవ్వడం తప్పు కాదమ్మా, ఇంకొకరు వాడింది ఇస్తున్నామని చెప్పి ఇవ్వండి. మమ్మల్ని చంపింది ఆ చెంబు కాదు, అది పాతదని దాచడానికి పడ్డ పాట్లు.

ఇంతవరకూ రాసి, నిన్న దువ్వాడ వెళ్లి, కొడుకు దగ్గర ఉంటున్న అప్పకి చదివి వినిపించాను. కళ్లజోడు పెట్టుకోకుండా, కాళ్లు చాపుకుని, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డురాకుండా వింది.

"అయిపోనాదా?" అంది.

"అయిపోయింది. ఎలా ఉంది?"

"బాగానే రాసినావు. గౌరమ్మ పిన్ని మాటకి నవ్వొచ్చినాది. సివర మాత్రం తప్పు. అయ్యని మేస్త్రి మల్లీ ఎప్పుడు పిలిసినాడ్రా?"

"అదేమిటే. రోజూ వెళ్లేవాడు కదా. ఎర్రధూళితో వచ్చేవాడు, నా కళ్లతో చూశాను."

"గేటు బైట గోడ మీద పొద్దస్తమానం కూకున్నా ఆ దూలి అంటుకుంటాది. ఆయన్ని పిలవనేదు. సచ్చిపోయే దాకా పిలవనేదు. నువ్వు సూత్తావని ఎల్లేవోడు."

కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి. "మరి అన్నం ఎక్కడిదే?" అన్నాను. "నిన్ను బడి మానిపించింది పెద్దదానివయ్యావని కదా?"

"అలాగని నీకు సెప్పినారు. ఆ గురువారం ఎల్లిన సోమారం గౌరమ్మ పిన్ని నన్ను తీసుకెల్లి రొయ్యల సెడ్డులో సేర్సినాది. నువ్వు లెగిసే సరికి ఎలిపోయేదాన్ని. తెలిత్తే నువ్వూ బడి మానేసి వొచ్చెత్తావని అమ్మ సెప్పనివ్వనేదు. సెంబు నిలబెట్టినాదీ, మేస్త్రి మనసు కరిగినాదీ అని ఆ పిల్లకి సెప్పకు. ఐసులో సేతులెట్టి నాను రొయ్యలొలిత్తే నువ్వు సదువుకున్నావు. అది రాయి."